అప్‌డేట్: రేంజ్‌ఫైండర్‌లో ఫోకస్ కుదిరింది

మావయ్య ఇచ్చిన పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలో (వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, కనిపించే రెండు బొమ్మలు ఒకటయ్యేలా లెన్స్ తిప్పితే ఫోకస్ కుదిరే రకం) మధ్యనుండే పసుపు మచ్చ వెలిసిపోయి, రెండు బొమ్మలు ఎక్కడ కలుస్తున్నాయో తెలియట్లేదని అడిగాను కదా. నల్ల టేపు చిట్కా భలే పనిచేసిందండి! వ్యూఫైండర్ ముందు అద్దానికి సరిగ్గా మధ్యలో చిన్న ముక్క అంటించాను. అక్కడ అసలు బొమ్మ మసకబారి, కదిలే రెండో బొమ్మ తేటగా కనిపిస్తోంది.

ఇన్ఫినిటీ (బాగా దూరంగా ఉన్నవాటి ఫోకస్) సరిగ్గా ఉందో లేదో విశాఖ ఆర్కే బీచ్‌లో చూశాను. సముద్రం అంచు మీద చూస్తే లాభం లేదు. బొమ్మ పక్కకే జరుగుతుంది కాబట్టి అడ్డగీత ఎప్పుడూ కలిసినట్టే ఉంటుంది. అందుకే దూరంగా లంగరేసిన ఓడ స్తంభాన్ని పట్టుకున్నాను. లెన్స్ చివరిదాకా తిప్పగానే రెండు స్తంభాలూ ఒకటయ్యాయి. ఎత్తులో వెంట్రుకవాసి తేడా ఉంది గానీ, దానివల్ల ఫోకస్ చెడదు. దానికోసం కెమెరా విప్పించే ఉద్దేశం లేదు.

ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం దగ్గర అంత తీరిక ఎక్కడిది? ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8, ఫోకస్ దూరం 3 మీటర్లు పెట్టి వదిలేశాను. 40 ఎంఎం లెన్స్‌కి సుమారు 2 నుంచి 5 మీటర్ల దాకా ఉన్నవి స్పష్టంగానే వచ్చాయి. రంధ్రం బాగా తెరిచే ఎఫ్/1.7లో ఫోకస్ లోతు చాలా తక్కువ కాబట్టి, దగ్గరి ముఖాలతోనే ఇంకా టెన్షన్. కంటి మీద ఫోకస్ చేసి ఫ్రేమ్ సర్దుకునేలోపు మా చెల్లి కదిలిపోతోంది.