3690 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి: వదిలించేదెలా?

ప్రశ్న: ఉండేది హైదరాబాదు. హామ్ రేడియో వాళ్లు వాడే 80 మీటర్ల బ్యాండ్‌లో 3690 కిలోహెర్ట్జ్ దగ్గర ఆకాశవాణి మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్ కార్యక్రమం గట్టిగా వినిపిస్తోంది. ప్రీయాంప్ (సిగ్నల్‌ని ముందే పెంచే భాగం) ఆపినా పోవట్లేదు. యాంటెనా 20 మీటర్ల తీగ, రిసీవర్ ట్రాన్స్‌మిటర్‌తో కలిసి లేదు, విడిగా ఉంది. ఏం చేయాలండీ?

జవాబు 1: 738ని 5తో గుణిస్తే సరిగ్గా 3690. ఈ ఐదో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి ఐదు రెట్ల దగ్గర వచ్చే నకలు) ఎక్కడ పుడుతోందో ముందు తేల్చండి. యాంటెనాకీ రిసీవర్‌కీ మధ్య 10 డీబీ (డెసిబెల్) అటెన్యుయేటర్, అంటే సిగ్నల్‌ని అంతమేర తగ్గించే పరికరం, పెట్టండి. పాట కూడా 10 డీబీయే తగ్గితే అది బయటే పుట్టి వస్తోంది, ఫిల్టర్ కొనడం దండగ. ఒక్కసారిగా మాయమైతే మీ రిసీవర్ ఓవర్‌లోడ్ అవుతోందన్నమాట, అంటే సిగ్నల్ మరీ బలంగా ఉండి హార్మోనిక్ రిసీవర్‌లోనే పుడుతోంది.

జవాబు 2: ఓవర్‌లోడే అయితే 2 మెగాహెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకు తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపి, ఎక్కువవాటిని వదిలేది) కట్టుకోండి. వరుసలో మూడు కెపాసిటర్లు: 1390, 806, 1390 పికోఫారడ్లు. 1390కి 1000, 390 సమాంతరంగా (ప్యారలల్‌లో) కలపండి. 806 బదులు 820 చాలు. రెండు జాయింట్ల నుంచి గ్రౌండ్‌కి చెరో 2.9 మైక్రోహెన్రీ కాయిల్, అంటే టీ50-2 టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోర్) మీద 24 చుట్లు. 738 దగ్గర లెక్కప్రకారం 50 డీబీ దాకా కోత పడుతుంది. కెపాసిటర్లు ఎన్‌పీ0 రకమే (వేడికి విలువ మారని సిరామిక్‌వి) వాడండి. రేకు డబ్బాలో పెట్టకపోతే సిగ్నల్ పక్కదారిన దూరిపోతుంది, శ్రమంతా వృథా.

జవాబు 3: పై ఫిల్టర్ రిసీవర్‌కే. ట్రాన్స్‌సీవర్‌కి (పంపడం, వినడం రెండూ చేసే సెట్) తగిలించి 100 వాట్లు పంపితే కాలిపోతుంది.

అటెన్యుయేటర్ పరీక్షలో హార్మోనిక్ బయటిదని తేలితే తుప్పు పట్టిన జాయింట్లు చూడండి: స్తంభాన్ని నిలబెట్టే స్టే వైర్లు, రేకుల కప్పు, డాబా మీది పాత డిష్ బిగింపులు. తుప్పు డయోడ్‌లా (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగంలా) పనిచేసి హార్మోనిక్స్ పుట్టిస్తుంది. వాటిని కదిలిస్తూ వినండి, పాట గరగరలాడిందంటే దొంగ దొరికినట్టే. గీకి గట్టిగా బిగించండి, లేదా మధ్యలో ఇన్సులేటర్ వేయండి.