దుబాయ్‌లో పాపకి ఏ స్కూలు? సీబీఎస్‌ఈనా, బ్రిటిష్ ఇంటర్నేషనలా?

పర్లాకిమిడి అమ్మ:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా ఆయనకి దుబాయ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళ కాంట్రాక్టు, బాగుంటే పొడిగిస్తారట. ఆయన వచ్చే నెల వెళ్ళిపోతారు, నేనూ పాపా వెనకాల వెళ్ళాలి. పాప ఇక్కడ ఇంగ్లీషు మీడియంలో నాలుగు చదువుతోంది. బడిలో ఒడియా, హిందీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు మాత్రం రావు. (గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా చేసిన ఊళ్ళో పుట్టి తెలుగు చదవడం రాదేటని మా మామగారు రోజూ నన్నే అంటారు. అది వేరే గొడవ.)

పిల్ల చదువుకని కంపెనీ ఏడాదికి 25 వేల దిర్హాములు ఇస్తుందట. ఆయన రెండు స్కూళ్ళు చూసి ఉంచారు. ఒకటి సీబీఎస్‌ఈ, ఫీజు 14 వేలు. రెండోది బ్రిటిష్ సిలబస్, పేరు చివర ఇంటర్నేషనల్ అని ఉంది, 42 వేలు. ఈతకొలను, సంగీతానికో గది, అన్నీ ఉన్నాయి. ఆయన మనసు దాని మీదే ఉంది. "అంత దూరం వెళ్ళి మళ్ళీ ఇక్కడి చదువే చదివిస్తామా" అంటారు. పైన పడే 17 వేలు మేమే పెట్టుకోవాలి, బస్సు ఖర్చు వేరే. నాకైతే ఏటీ తేలడం లేదు. వెళ్ళినవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

బరంపురం పిన్ని:

అమ్మాయ్, నేను రాసేది కొంచెం పొడుగు, ఓపిగ్గా చదువుకో. మీ ఆయన అన్న మాటే మా ఆయనా అన్నారు, అక్షరం తేడా లేదు. మా అమ్మాయిని బ్రిటిష్ స్కూల్లోనే వేశాం. బడి మంచిదే, టీచర్లూ మంచివాళ్ళే, అబద్ధమెందుకు. 2020లో, కోవిడ్ రోజుల్లో, కంపెనీ చేతులెత్తేసింది. ఆగస్టులో వందే భారత్ విమానమెక్కి వచ్చేశాం. అప్పటికి పిల్ల ఇయర్ 4 పూర్తి చేసింది.

ఇక్కడ స్కూలాఫీసులో గుమాస్తా కాయితం చూసి "నాలుగు పాసయిందా, అయితే అయిదు" అని రాసేశాడు. బ్రిటిష్ వాళ్ళ ఇయర్ 4 అంటే మన మూడో తరగతి! వాళ్ళ లెక్క ఒకటి ముందు నడుస్తుంది. ఆ సంగతి అతనికి తెలీదు, సిగ్గు విడిచి చెప్తున్నా, నాకూ ఆ క్షణంలో తట్టలేదు. తరగతి చిన్నదవలేదని సంబరపడ్డాను కూడా. పైగా అక్కడ చదువు సెప్టెంబరులో మొదలు, ఇక్కడ ఏప్రిల్‌లో. నాలుగు నెలల పాఠాలు అప్పటికే అయిపోయాయి.

ఫోన్లో క్లాసులు. హిందీ డిక్టేషన్ అనగానే కెమెరా కట్టేసేది. లెక్కలు బాగా వచ్చనుకున్నాం కదా, ఒకరోజు లక్షని అంకెల్లో రాయమంటే 100,000 అని రాసింది. టీచరు ఎర్రగీత కొట్టి 1,00,000 అని దిద్దారు. "అమ్మా, సున్నాలు కరెక్టే కదా, కామా ఎందుకు జరిగింది?" అని ఏడుపు. రెండు నెలలు చూసి నాలుగో తరగతికి మార్పించాను. పదేళ్ళు నిండని పిల్ల, నేనేదో తప్పు చేశానా అని అడిగింది. అది నేను మర్చిపోలేను.

అంచేత కాంట్రాక్టు రెండేళ్ళే అయితే నేను సీబీఎస్‌ఈయే అంటాను. మీ పాప తిరిగొస్తే ఆరులోనో ఏడులోనో చేరాలి. సిలబస్ అదే, హిందీ వదలదు, అక్కడి ఇండియన్ స్కూళ్ళకీ ఏప్రిల్‌లోనే కొత్త ఏడాది. ఆయన్ని ముందు వెళ్ళనీ, మీరు మార్చి పరీక్షలయ్యాక వెళ్ళండి.

ఇంకోటి, ఇది ఈ రోజే చూసుకో. టీసీ మీదా పాస్‌పోర్టు మీదా పేరు ఒకటేనా? మన ఒడిషా బళ్ళలో ఇంటిపేరు చివర కావాలంటారు కదా, మా పిల్లకి వాళ్ళ నాన్న పేరులోని రావు ఇంటిపేరై కూచుంది, ముందో కుమారి కూడా తగిలించారు. పాస్‌పోర్టులో అసలు ఇంటిపేరు. ఆ టీసీకి జిల్లా విద్యాధికారి సంతకం, తరవాత భువనేశ్వర్, తరవాత విదేశాంగ శాఖ, ఆఖరికి ఎమిరేట్స్ ఎంబసీ ముద్ర. మొదటి మెట్టు దగ్గరే వెనక్కి పంపారు మమ్మల్ని.

రాయగడ టు జబెల్ అలీ:

పిన్నిగారి మాట కాదనను, కానీ అందరూ రెండేళ్ళకే వెనక్కి రారు. నేనూ రెండేళ్ళనే వచ్చాను, పదకొండేళ్ళయింది.

అక్కా, సిలబస్ తేల్చుకునే ముందు ఒక పని చెయ్యండి. దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్ళని చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ. అవుట్‌స్టాండింగ్ నించి వెరీ వీక్ దాకా ఆరు గ్రేడ్లు. రిపోర్టులు వాళ్ళ సైటులో ఉచితంగా ఉంటాయి. అందరూ గ్రేడు చూసి మూసేస్తారు. మీరు స్కూలు వివరాల పేజీ చూడండి, అందులో టీచర్ టర్నోవర్ అని ఒక శాతం ఉంటుంది, అంటే ఏడాదిలో ఎంతమంది టీచర్లు మానేశారని. ఈతకొలను కన్నా నాకు అదే ముఖ్యం. రిపోర్టు తేదీ కూడా చూడండి. 2024-25లో పాత స్కూళ్ళకి పూర్తి తనిఖీలు ఆపారు, కాబట్టి గేటు దగ్గర బ్యానరు మీదున్న గ్రేడు అంతకు ముందుది కావచ్చు.

ఫీజు ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు, 2025-26కి పరిమితి 2.35 శాతంగా పెట్టారు. కొత్త పిల్లల దగ్గర సీటు కోసం ఫీజులో పది శాతం దాకా ముందే తీసుకుంటారు, అది తరవాత ఫీజులో కలుస్తుంది. చేరకపోతే తిరిగిస్తారా లేదా అన్నది కట్టేముందే కాగితం మీద చూసుకోండి. అరబిక్ ఏ సిలబస్‌లో వేసినా తప్పదు, తొమ్మిదో తరగతి దాకా ఉంది. భయపడకండి, మావాడు నాకన్నా బాగా మాట్లాడతాడు.

అద్దె తక్కువని షార్జాలో ఇల్లు, దుబాయ్‌లో బడి మాత్రం వద్దు. పొద్దున్న ఆ రోడ్డు మీద బస్సులో పిల్లలు నిద్రపోతూ కనిపిస్తారు, యూనిఫాం టై కట్టుకుని, నోరు తెరుచుకుని. ముందు బడి, దాని పక్కన ఇల్లు.

నేనూ అక్కడ చదివినవాణ్ణే:

పదకొండు, పన్నెండు ఐబీలో (ఇంటర్నేషనల్ బాకలారియట్, అదో విదేశీ సిలబస్) చేశాను. ఇప్పుడు విశాఖలో ఇంజనీరింగ్. ఇక్కడ చేరడానికి ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) నించి, ఐబీ మన పన్నెండుకి సమానమని చెప్పే సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సొచ్చింది. జేఈఈకి మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మొదటినించీ చదివాను, ఒక ఏడాది పోయింది. చదువు నచ్చలేదని కాదు, చాలా నచ్చింది. కానీ మా నాన్నకి పదో తరగతప్పుడే తెలుసు నన్ను ఇండియాలో ఇంజనీరింగ్ చదివించాలని. నాకే తెలీదు. పేరులో ఇంటర్నేషనల్ ఉంటే ఐబీ ఉన్నట్టు కాదు ఆంటీ, కొన్ని ఇంకా క్యాండిడేట్ స్కూల్ హోదాలోనే, అంటే ఐబీ గుర్తింపు ఇంకా రాకుండానే ఉంటాయి. ఐబీ సైటులో స్కూలు పేరు కొట్టి చూడండి.

పర్లాకిమిడి అమ్మ:

అందరికీ చాలా థాంక్స్. పిన్నిగారూ, మీరు రాసింది చదివి వెంటనే బీరువా తీశాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు సరిగ్గానే ఉంది. కిందటేటి మార్కుల కార్డు మీద కుమారి, చివర రావు! మీ అమ్మాయి కథే. సోమవారం హెడ్మాస్టరు గారి దగ్గరకి వెళ్తున్నాను, మామగారిని కూడా తీసుకెళ్తా, ఆయన ఒడియాలో గట్టిగా మాట్లాడగలరు.

ఏప్రిల్ దాకా నేనూ పాపా ఇక్కడే. ఆయనకి ఆ టర్నోవర్ పేజీ రెండు స్కూళ్ళదీ పంపి, 42 వేల స్కూలు అంకె చుట్టూ ఎర్ర గుండ్రం గీశాను. నీలం టిక్కులు పడి మూడు గంటలయింది, ఇంకా ఏమీ రాయలేదు.