టైఫాయిడ్ తగ్గాక జుట్టు ఊడిపోతోంది, తప్పు బోరు నీళ్ళదేనా?

రాజోలు కోడలు:
నమస్తే అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, నాకు 31 ఏళ్ళు. దీపావళి ముందు టైఫాయిడ్ వచ్చి 16 రోజులు మంచం దిగలేదు. జుట్టుకి అప్పుడేం కాలేదు. సంక్రాంతి పనుల్లో ఉండగా మొదలైంది. తలంటుకుంటే స్నానాల గదిలో నీళ్ళు పోయే కన్నం మూసుకుపోతోంది, దువ్వితే దువ్వెనకి ఉండ. అరిసెల పిండిలో వెంట్రుక కనబడిందని మా అత్తగారు నన్ను పొయ్యి దగ్గర నుంచి లేపేశారు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఏడ్చాను.

ఈమధ్యే బోరు వేయించాం. చుట్టూ రొయ్యల చెరువులు, నీళ్ళు ఉప్పన, బకెట్‌కి తెల్లగా పొర కడుతుంది. మా ఆయన తప్పంతా బోరుదే అంటారు. వాడపల్లి వెంకన్నకి తలనీలాలిస్తే ఒత్తుగా వస్తుందని అత్తగారు. పక్కింటి పిన్ని గుంటగలగరాకు వేసి కాచిన కొబ్బరినూనె సీసా ఇచ్చింది. ఏం చెయ్యమంటారు? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పాలకొల్లు మందుల షాపు:
అమ్మా, నేను డాక్టర్ని కాదు, 22 ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. జుట్టు ఊడుతోందని వచ్చినవాళ్ళని ముందు ఒకటే అడుగుతాను, రెండు మూడు నెలల క్రితం ఏమైంది అని. జ్వరమో, కాన్పో, ఆపరేషనో, అన్నం మానేసిన డైటింగో బయటపడుతుంది. గట్టి జ్వరం వస్తే పెరగాల్సిన వెంట్రుకలు చాలా ఒకేసారి పెరగడం ఆపేస్తాయి. ఆపినవి వెంటనే ఊడవు, రెండు మూడు నెలలు అక్కడే ఉండి అప్పుడు రాలతాయి. టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు దీన్ని. మీ దీపావళికీ సంక్రాంతికీ లెక్క సరిపోయింది కదా. చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. రోజుకి 50 నుంచి 100 దాకా ఎవరికైనా ఊడతాయి.

ఊడిన వెంట్రుకని వెలుతురులో పెట్టి చూడండి. చివర తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది కుదురు నుంచి వచ్చినట్టు. బుడిపె లేకుండా మధ్యకి తెగితే బోరుని తిట్టుకోవచ్చు. ఉప్పు నీళ్ళకి జుట్టు గరుకై తెగుతుంది గానీ కుదురు చావదు. చివరి రెండు చెంబులు మంచినీళ్ళు పోసుకోండి. నూనె రాస్తే చిక్కు తగ్గుతుంది, తెగడం తగ్గుతుంది, అంతే. మొక్కు ఉంటే తీర్చుకోండి, కానీ కత్తి కోసేది పైనున్న వెంట్రుకని. లోపలి కుదురుకి గుండు సంగతే తెలీదు.

హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే టెస్టు), థైరాయిడ్ మాత్రం చూపించుకోండి. జుట్టుకని ఎవరైనా బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఇచ్చి ఉంటే టెస్టుకి ముందే డాక్టరుకి చెప్పండి, వాటివల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పు చూపించొచ్చు.

కువైట్‌లో మలికిపురం:
అక్కా, నేనిక్కడ డ్రైవర్ని. గదిలో ఎనిమిదిమందిమి, అందరికీ జుట్టు పల్చబడింది, అందరం సముద్రం నీళ్ళని శుద్ధిచేసి ఇస్తారని ఆ నీళ్ళనే తిట్టుకునేవాళ్ళం. పోయినసారి సెలవుకి ఇంటికొచ్చి గోడ మీద మా నాన్న పెళ్ళిఫోటో చూశాను. నుదుటికి రెండు పక్కలా అవే సందులు. ఆయన గోదారి దాటి ఉద్యోగం చేసింది లేదు!

నాది వంశంలో వచ్చే బట్టతల, మీది వేరు. ఆన్‌లైన్ నూనెకి నాలుగు వేలు తగలేశాక డాక్టరు తలకి పూసుకునే మందు, మినాక్సిడిల్ 5 శాతం, చీటీ మీద రాసిచ్చాడు. ఒకప్పుడు బీపీ మాత్ర అట అది, వేసుకున్నవాళ్ళకి ఒళ్ళంతా వెంట్రుకలు మొలిస్తే తలకి పనికొస్తుందని కనిపెట్టారు. మొదటి నెల ఇంకా ఎక్కువ ఊడింది, భయపడి ఆపేశాను. అదీ మామూలేనని తిట్లు తిని మళ్ళీ మొదలెట్టా. ఆరో నెలకి కాస్త తేడా తెలిసింది. ఆపితే వచ్చింది కూడా పోతుందట, అంటే జీవితాంతం అద్దె కట్టడమే.

భీమవరం అమ్మ:
రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఊడితే మాత్రం అది పేనుకొరుకుడు. పేనుకి సంబంధం లేదు, మన ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ళ మీద పడుతుంది. మా అబ్బాయికి వస్తే ఎవరో చెప్పారని జిల్లేడు పాలు రాశాను, బొబ్బలెక్కింది. నాలాగ చెయ్యకండి, స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రాజోలు కోడలు:
అందరికీ థ్యాంక్సండి, ఆలస్యంగా రాస్తున్నాను. వెంట్రుకల చివర బుడిపెలున్నాయి. థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ మాత్రం తక్కువ, 8.9. ఐరన్ మాత్రలిచ్చి, వేసుకున్నాక గంటన్నర దాకా టీ తాగొద్దన్నారు, నాకు అదే పెద్ద శిక్ష. ఉగాది దాటాక ఊడటం తగ్గింది. నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు లేస్తున్నాయి, నూనె రాసినా అణగట్లేదు. వెంకన్న దయ అని అత్తగారు, నా నూనే అని పిన్ని. బోరు అదే, నీళ్ళూ అవే, మా ఆయన మాత్రం ఏమీ అనట్లేదు.