యావరుం కేళిర్: చివరి మాటలో ‘ళి’నా, ‘ళీ’నా?

నెల్లూరు నుంచి ప్రశ్న:

తమిళుల చరిత్ర, సినిమా, క్రికెట్ ఈ మూడింటి మీదా చిన్ననాటి నుంచి తీరని మక్కువ ఉన్నవాణ్ణి. 1999 జనవరి 31న చెన్నైలోని చేపాక్‌లో సచిన్ 136 పరుగులు చేసి వెనుదిరిగాక, చివరి మూడు వికెట్లు నాలుగే పరుగులకు కూలి, 271 పరుగుల లక్ష్యం ముందు మన జట్టు 12 పరుగుల తేడాతో ఓడిపోయింది. గెలిచిన పాకిస్తాన్ ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరుగుతూ ఉంటే ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ దృశ్యం తలచుకున్న ప్రతిసారీ ప్రాచీన తమిళ పద్య సంకలనం పుఱనానూఱులోని 192వ పద్యపు మొదటి పాదం నా నోట ఆడుతుంది గాని, చివరి మాట దగ్గర నిలిచిపోతుంది. ‘యాదుం ఊరే యావరుం కేళిర్’ అని కొందరు, ‘కేళీర్’ అని కొందరు పలకగా విన్నాను. మొదటిదైతే ‘అందరూ బంధువులే’, రెండవదైతే ‘అందరూ వినండి’. హ్రస్వమా, దీర్ఘమా? ఏ ఆధారంతో తేల్చుకోవాలి?

చెన్నై నుంచి:

నెల్లూరు మిత్రులకు నమస్కారం. హ్రస్వమే. మగళిర్, పెండిర్ అన్న మాటలలో ఉన్న బహువచన ప్రత్యయమే ఇక్కడా ఉన్నది. సాక్ష్యం కావాలంటే ఆ కాలపు ప్రేమ పద్యాల సంకలనం కుఱుందొగైలో 40వ పద్యం చాలు: ‘ఎందైయుం నుందైయుం ఎమ్ముఱైక్ కేళిర్’, అంటే ‘మా నాన్నా మీ నాన్నా ఏ వరసన చుట్టాలు’ అని ప్రియుడు ప్రియురాలిని అడుగుతున్నాడు. అక్కడ ‘వినండి’ అన్న అర్థానికి చోటే లేదు. సినిమా అభిమానులు గనుక ఒక్క మాట చెప్పాలి. ‘ఇరువర్’ చిత్రంలోని ‘నఱుముగైయే’ పాటలో ఈ పద్యంలోని మొదటి పాదమూ మూడవ పాదమూ వినిపిస్తాయి, మధ్యనున్న ఈ కేళిర్ పాదం మాత్రం లేదు. ఆ పాట విన్న ప్రతిసారీ నా చెవి ఆ ఖాళీ దగ్గర ఆగుతుంది. మీకు ఆ మాట స్థిరపడకపోవడానికి అదీ ఒక కారణమేమో.

విజయవాడ నుంచి:

ఇన్ని ఉదాహరణలు అవసరం లేదు, ఛందస్సే తీర్పు చెబుతుంది. దీర్ఘం పెడితే పాదం నడక చెడుతుంది, కనుక హ్రస్వమే సరి.

చిత్తూరు నుంచి:

విజయవాడ వారు చెప్పిన ముగింపు నాకు సమ్మతమే గాని, చెప్పిన కారణం నిలవదు. ‘కే’ ఎలాగూ గురువు. ‘ళిర్’ పొల్లుతో ముగుస్తున్నది కనుక అదీ గురువే, ‘ళీర్’ దీర్ఘం కనుక అదీ గురువే. తమిళ ఛందస్సు లెక్కలోనూ రెండూ ‘నేర్’ అనే ఒకే రకం ఖండాలే. కాబట్టి ఈ విషయంలో ఛందస్సు ఏ పక్షమూ వహించదు.

అయితే ఛందస్సు ఇక్కడ చూపించే అందం వేరొకటి ఉన్నది, దాన్ని తెలుగువాళ్లం చూడకుండా పోకూడదు. మొదటి నాలుగు పాదాల మొదటి మాటలు వరుసగా చూడండి: యాదుం, తీదుం, నోదలుం, సాదలుం. రెండవ అక్షరంలోని హల్లు నాలుగింటా ఒక్కటే, దాని ముందున్న అక్షరం నాలుగింటా దీర్ఘమే. ప్రాసకు మనం పెట్టుకున్న నియమం, ప్రాసకు పూర్వాక్షరం గురువైతే అన్ని పాదాలలోనూ గురువే కావాలన్న నియమంతో సహా, ఇక్కడ అచ్చంగా కనిపిస్తున్నది. ఇక ‘యాదుం’తో మొదలైన పాదంలో మూడవ అడుగు ‘యావరుం’. నాలుగు గణాల ద్విపద పాదంలో మూడవ గణం తొలి అక్షరానికి యతి చెల్లించే పాల్కురికి సోమన చెవికి ఈ పాదం పరాయిదిగా తోచి ఉండదు. ‘అల్పాక్షరముల ననల్పార్థరచన / కల్పించుటయ కాదె కవివివేకంబు’ అన్న ఆయన ద్విపదలో రెండవ పాదాన్ని గట్టిగా చదివి, వెంటనే ‘యాదుం ఊరే యావరుం కేళిర్’ చదవండి, క-క, యా-యా ఒకే చోట మోగుతాయి. బసవపురాణంలో తమిళ శివభక్తుల కథలను అంత ఆత్మీయంగా చెప్పిన కవికి ఆ నేల పద్యాల లయ పట్టుబడే ఉంటుందని నా విశ్వాసం.

హైదరాబాదు నుంచి:

సోమన మీద చిత్తూరు వారి భక్తికి నా నమస్కారం, కాని ‘వినండి’ అన్న అర్థాన్ని అంత తొందరగా తోసివేయడం నాకు న్యాయంగా తోచలేదు. పద్యంలో క్రియలు చూడండి: ‘ఇలమే’ (లేము), ‘తెళిందనం’ (తెలుసుకున్నాం). పాత తమిళంలో ఉత్తమ పురుష బహువచనానికి -అం, -ఎం అని రెండు ప్రత్యయాలున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకొని చెప్పేది -అం, విడిచిపెట్టి చెప్పేది -ఎం. అంటే మన ‘మనము’, ‘మేము’ల తేడాయే. ఈ పద్యం చెప్పిన కణియన్ పూంగున్ఱనార్ ‘మేము తెలుసుకున్నాం’ అనడం లేదు, ‘మనం తెలుసుకున్నాం’ అంటున్నాడు. అంటే ఆ కవి ఎదుట వినేవారెవరో ఉన్నారు. వారిని పిలవకుండా పద్యం మొదలవుతుందా? ‘కేళీర్’ అన్న పాఠం కేవలం నోటి పొరపాటు కాదని, పద్యం స్వభావం నుంచే అలా వినబడుతున్నదని నా వాదన.

చెన్నై నుంచి:

-అం, -ఎం గురించి హైదరాబాదు వారు చూపినది విలువైన విషయం, దాన్ని ఒప్పుకుంటాను. ఎదుట శ్రోత ఉన్నంత మాత్రాన పిలుపు ఉండి తీరాలని లేదు. పైగా సంగ కాలపు తమిళంలో, అంటే ఈ పద్యాల నాటి తమిళంలో, చాలామందిని ఉద్దేశించి ‘వినండి’ అనవలసి వస్తే సాధారణంగా -మిన్ చేర్చి ‘కేణ్మిన్’ అంటారు, ‘కేళీర్’ అనరు. వ్రాతప్రతుల వైపు నుంచి చూసినా మీ పాఠానికి బలం లేదు. తాటాకుల మీద ఎ-ఏ, ఒ-ఓల తేడా గుర్తించేవారు కారు, 18వ శతాబ్దంలో వీరమామునివర్ అనే బెస్కీ సంస్కరించాకే అది స్థిరపడింది. ఇ-ఈల తేడా మాత్రం ముందు నుంచీ ఉన్నది. అంటే ఆకు చూసి సందేహపడవలసింది ‘కే’ దగ్గరే గాని ‘ళి’ దగ్గర కాదు.

నెల్లూరు నుంచి:

పెద్దలందరికీ కృతజ్ఞతలు. హ్రస్వం వైపే మొగ్గుతున్నాను గాని, ఇప్పుడు అర్థం దగ్గర మరో చిక్కు వచ్చింది. తిరుక్కుఱళ్ 187లో చాడీలు చెప్పి ‘కేళిర్’ను విడదీసేవారు స్నేహం చేయడం తెలియనివారని ఉన్నది. 615లో కార్యదక్షుడు తన ‘కేళిర్’ దుఃఖం తుడిచి నిలిపే స్తంభమని ఉన్నది. ఒకచోట స్నేహితులు, ఒకచోట బంధువులు అన్నట్టున్నది. చేపాక్ ప్రేక్షకులు వసీం అక్రం జట్టును ఏ లెక్కన ‘కేళిర్’ అనుకున్నట్టు?

చిత్తూరు నుంచి:

రెంటికీ సరిపోయే మాట తెలుగులో ఉన్నది: ‘అయినవాళ్లు’. రక్తసంబంధం ఉన్నా లేకపోయినా మనం ఆ మాట వాడతాం. ‘అన్నీ ఊళ్లే, అందరూ అయినవాళ్లే’ అంటే ‘ఊరే’లోని ఏకారం కూడా తెలుగు ఏకారంతో నిలుస్తుంది. మూలంలో ‘మా’ లేదు, ‘నాకు’ లేదు. జి.యు. పోప్ ఇంగ్లీషు చేసేటప్పుడు ఆ ‘మనకు’ను తానే చేర్చుకున్నాడు.

హైదరాబాదు నుంచి:

అర్థం బాగున్నది, కాని చేపాక్‌కు ఈ ఒక్క పాదాన్ని ముడిపెట్టి మిగతా పన్నెండు పాదాలను వదిలేస్తే కవికి అన్యాయం జరుగుతుంది. రాళ్లను ఒరుసుకుంటూ హోరెత్తే పెద్ద ఏటిలో నీటి వెంట పోయే తెప్పలా ప్రాణం విధి దారిన పోతుందని చెప్పి, కనుక పెద్దవారిని చూసి విస్తుపోము, చిన్నవారిని చులకన చేయడం అంతకన్నా చేయము అని ముగించాడు. కణియన్ అంటే గ్రహగణితం తెలిసినవాడు. ఆ విద్య తెలిసినవాడు గనుకనే ‘ముఱై’ అన్న మాటను విధి క్రమం అన్న అర్థంలో వాడాడని నేను నమ్ముతున్నాను. మొదటి పాదం ఆతిథ్య వాక్యం కాదు, సమదృష్టి వాక్యం.

నెల్లూరు నుంచి:

సమదృష్టి అన్నా నా చేపాక్ జ్ఞాపకానికి అడ్డు రాదు. సచిన్ 136 పరుగులకు నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లే, ఆయనతో సహా ఐదు వికెట్లు తీసిన సక్లైన్‌కూ కొట్టారు.

చెన్నై నుంచి:

హైదరాబాదు వారు ‘ముఱై’ అన్న మాట తీశారు గనుక అడుగుతున్నాను. కుఱుందొగైలో ‘ఎమ్ముఱైక్ కేళిర్’ అన్నప్పుడు అదే మాటకు ‘వరస’ అని అర్థం. పుఱనానూఱులో కేళిర్ మొదటి పాదంలో, ముఱై పదవ పాదంలో ఉన్నాయి. చుట్టరికపు వరసను మనసులో పెట్టుకునే కవి ఆ రెండో మాటను ఎంచుకున్నాడనడానికి మీ గ్రహగణితం ఒప్పుకుంటుందా?