అమెరికాలో కౌంటీ కోర్టు రికార్డుల్లో డ్రంక్ డ్రైవింగ్ కేసు వెతకడం ఎలా? (టెక్సస్, డల్లాస్ చుట్టుపక్కల)

ప్రశ్న (గుంటూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా అక్క కూతురికి డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి సంబంధం వచ్చింది. హెచ్1బి వీసా మీద ఉన్నాడు. మాటల మధ్యలో అబ్బాయి నాన్నగారే చెప్పారు: "నాలుగైదేళ్ల క్రితం తాగి కారు నడుపుతుంటే పోలీసులు ఆపారండీ, చిన్న ఫైన్‌తో పోయింది" అని. దాచకుండా చెప్పినందుకు మాకు ఆయన మీద గౌరవం పెరిగింది. కానీ మా అక్కకు టెన్షన్ తగ్గడం లేదు. అక్కడ కోర్టు రికార్డులు ఎవరైనా చూడొచ్చంటున్నారు, నిజమేనా? మధ్యవర్తి ఒక వెబ్‌సైట్ పంపాడు, పేరు కొడితే డబ్బులు అడుగుతోంది. కట్టమంటారా?

జవాబు (ప్లేనో నుంచి)

నమస్కారమండీ. ఆ వెబ్‌సైట్‌కి డబ్బు కట్టకండి. అలాంటివి ఎక్కడెక్కడి డేటానో కొని కలిపి అమ్ముతాయి. అదే పేరున్న ఇంకొకరి కేసు మీ అబ్బాయి పేరు కింద చూపించవచ్చు, కొట్టేసిన కేసును కూడా అలాగే ఉంచవచ్చు. అసలు రికార్డు కోర్టు క్లర్క్ దగ్గర ఉంటుంది. దాన్ని ఎవరైనా చూడొచ్చు, ఆన్‌లైన్‌లో చూడటానికి చాలా కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) డబ్బు అక్కర్లేదు.

ముందు తేల్చుకోవాల్సింది ఏ కౌంటీ అని. అబ్బాయి ఎక్కడ ఉంటున్నాడన్నది కాదు, పోలీసులు ఎక్కడ ఆపారన్నది లెక్క. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఫ్రిస్కోలో ఉండే కుర్రాడు ఇర్వింగ్‌లో ఫ్రెండ్ ఇంటి నుంచి వస్తూ దొరికితే కేసు డల్లాస్ కౌంటీలో పడుతుంది. కాబట్టి ఒక్క కౌంటీలో వెతికి ఏమీ లేదనుకోకండి. కాలిన్, డెంటన్, డల్లాస్ మూడూ చూడండి.

ఇక "చిన్న ఫైన్" మాట. టెక్సస్‌లో 21 దాటినవాళ్లు తాగి నడిపితే పెట్టే కేసు డీడబ్ల్యూఐ. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం లేదా అంతకన్నా ఎక్కువుంటే పెడతారు, మన లెక్కలో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాములు. మొదటిసారి అయితే క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న నేరాల తరగతి): కనీసం 72 గంటల నుంచి 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా ఉండొచ్చు. 0.15 లేదా అంతకన్నా ఎక్కువుంటే క్లాస్ ఎ, ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. చాలామందికి జైలు బదులు ప్రొబేషన్ (షరతులతో బయటే ఉంచి గమనించడం) వస్తుంది. అయినా ఇది ట్రాఫిక్ టికెట్ కాదు, క్రిమినల్ కేసు. ఊరి మునిసిపల్ కోర్టు దీన్ని విచారించలేదు, కౌంటీ కోర్టుకే వెళ్తుంది. నిజంగా మునిసిపల్ కోర్టులో ఫైన్ కట్టి బయటపడి ఉంటే అది వేరే కేసు అయ్యుండాలి. పబ్లిక్ ఇంటాక్సికేషన్ (బహిరంగ చోట తాగి ఉండటం) అని ఒకటుంది, క్లాస్ సి, 500 డాలర్ల దాకా జరిమానాతో పోతుంది. అప్పటికి అబ్బాయికి 21 నిండకపోతే మైనర్ డీయూఐ (21 లోపువాళ్లు తాగి నడిపితే పెట్టేది) కేసు కూడా అక్కడికే వస్తుంది. అందుకని ఏ కోర్టు అని అడిగితే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

వెతికే పద్ధతి: కాలిన్ కౌంటీ వెబ్‌సైట్‌లో జ్యుడీషియల్ ఆన్‌లైన్ సెర్చ్ ఉంటుంది. అందులో క్రిమినల్ కేసుల విభాగం తెరిచి ఇంటిపేరు, అసలు పేరు, తెలిస్తే పుట్టిన తేదీ ఇవ్వండి. కేసు దొరికితే దానికి కాజ్ నంబరు (కోర్టు ఇచ్చే కేసు నంబరు) ఉంటుంది. కాలిన్‌లో దాని మొదటి మూడు అంకెలు కోర్టు నంబరు, చివరి నాలుగు కేసు పెట్టిన సంవత్సరం. ఆ నంబరు రాసి పెట్టుకోండి, తర్వాత ఏ కాగితం అడగాలన్నా అదే కావాలి.

ప్రశ్న (గుంటూరు నుంచి)

చాలా థ్యాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా వాడితో మూడు కౌంటీల్లోనూ వెతికించాను. ఎక్కడా రాలేదు. కేసే లేదనుకోవచ్చా?

జవాబు (ఇర్వింగ్ నుంచి)

అప్పుడే అనుకోకండి బాబాయ్ గారూ. మనవాళ్ల పేర్లతో ఇక్కడ పెద్ద చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని వేసి, మొత్తం పేరును ఇంటిపేరు గడిలో పెడతారు. పోలీసు ఆఫీసరు డ్రైవింగ్ లైసెన్స్ చూసి ఎలా ఉంటే అలా రాసుకుంటాడు. కోర్టులోనూ అదే ఎక్కుతుంది. మా రూమ్మేట్ రెంటల్ అప్లికేషన్‌కి రికార్డు తీయాల్సి వస్తే మూడు ముక్కల పేరులో మధ్య ముక్క ఇంటిపేరుగా ఎక్కి ఉంది. పేరును ముందు వెనకలు మార్చి కొట్టండి. "లక్ష్మి", "శ్రీనివాస్" లాంటి పేర్లకు స్పెల్లింగులు నాలుగైదు ఉంటాయి, లైసెన్స్ మీద ఉన్నదే కావాలి. మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెడితే కొన్ని సైట్లలో ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ వస్తాయి. అప్పుడు పుట్టిన తేదీతో సరిచూసుకోవాలి. పేరు ఒక్కటే కలిసిందని నిర్ణయానికి వచ్చేయొద్దు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న కుర్రాళ్లు ఈ మూడు కౌంటీల్లో ఎంతమంది ఉంటారో మీకు తెలియంది కాదు.

ఇంకోటి, ఛార్జ్ పేరు డీడబ్ల్యూఐ అనే ఉండాలని లేదు. ఇక్కడ లాయర్లు ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి కేసును "అబ్‌స్ట్రక్షన్ ఆఫ్ హైవే" కిందకో, రెక్‌లెస్ డ్రైవింగ్ (నిర్లక్ష్యంగా నడపడం) కిందకో తగ్గిస్తుంటారు. చూడగానే రోడ్డుకు అడ్డంగా కారు ఆపాడేమో అనిపిస్తుంది. అరెస్టు తేదీ చూసి, మొదట పెట్టిన ఛార్జ్ ఏమిటో లోపల తెరిచి చూడండి.

జవాబు (ప్లేనో నుంచి)

ఇర్వింగ్ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను రాయాల్సింది ఇంకొంత ఉంది.

రికార్డు కనిపించకపోవడానికి చట్టం ఇచ్చిన కారణాలు కూడా ఉంటాయి. కేసు కొట్టేశాక కోర్టును అడిగి ఎక్స్‌పంక్షన్ తెచ్చుకుంటే రికార్డే చెరిపేస్తారు. నాన్‌డిస్‌క్లోజర్ ఉత్తర్వు ఉంటే రికార్డు ఉంటుంది కానీ మనలాంటివాళ్లకు కనిపించదు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో మొదటి డీడబ్ల్యూఐకి కూడా, ఆల్కహాల్ 0.15 కన్నా తక్కువుంటే, డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇచ్చే వీలు వచ్చింది. అంటే తప్పు ఒప్పుకున్నా జడ్జి దోషి అని ప్రకటించకుండా ప్రొబేషన్‌లో పెడతాడు. సరిగ్గా పూర్తి చేస్తే కేసు డిస్మిస్ అవుతుంది. ఆ తర్వాత నాన్‌డిస్‌క్లోజర్ అడగొచ్చు.

ఇది చదివే వేరేవాళ్లకు ఉపయోగపడుతుందని చెప్తున్నా: అరెస్టు ఈ మధ్యే జరిగుంటే కోర్టు సెర్చ్‌లో ఏమీ రాకపోవచ్చు. రక్తపరీక్ష రిపోర్టు వచ్చాకే చాలాసార్లు కేసు ఫైల్ చేస్తారు, అది నెలలు పడుతుంది. మిస్‌డిమీనర్ పెట్టడానికి చట్టం రెండేళ్ల గడువిచ్చింది. అప్పటిదాకా జైలు రికార్డుల విభాగంలో మాత్రం కనిపిస్తుంది.

బాబాయ్ గారూ, నా మాట వినండి. ఇంత దూరం నుంచి మీరు చీకట్లో వెతికే బదులు అబ్బాయినే కాజ్ నంబరు అడగండి. వాళ్ల నాన్నగారే విషయం చెప్పారంటే చెప్పే మనసుంది. కేసు నంబరు అడగడం అవమానించడం కాదు, పిల్లనిచ్చేవాళ్లుగా మీకు ఆ హక్కుంది. ఒక్కటి మాత్రం చేతులెత్తి అడుగుతున్నా: దొరికిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ బంధువుల గ్రూపుల్లో పెట్టకండి. పబ్లిక్ రికార్డే అయినా ఆ కుర్రాడి బతుకది. సంబంధం కుదిరినా కుదరకపోయినా అది ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

మా వైపు వెతికేవాళ్లకో మాట. చాలా కౌంటీల్లో మిస్‌డిమీనర్ కాగితాలు కౌంటీ క్లర్క్ దగ్గర, ఫెలనీ (పెద్ద నేరం) కేసులవి డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో రెండూ డిస్ట్రిక్ట్ క్లర్కే చూస్తారు. మూడోసారి డీడబ్ల్యూఐ అయినా, కారులో 15 ఏళ్లలోపు పిల్లలున్నా అది ఫెలనీ.

రాష్ట్రం మొత్తం ఒకేసారి చూడాలంటే టెక్సస్ డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ) వాళ్ల సెర్చ్ ఉంది, కొద్దిగా డబ్బు కట్టాలి. శిక్షలు, డిఫర్డ్ కేసులు చూపిస్తుంది. కౌంటీ సెర్చ్‌తో కలిపి చూడండి, దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి.

ప్రశ్న (గుంటూరు నుంచి)

మీ మాట విని అబ్బాయికే ఫోన్ చేశాను. వెంటనే కాజ్ నంబరు పంపాడు. పేరు ముందు వెనకలుగా ఎక్కింది, అందుకే మావాడికి దొరకలేదు. కాలిన్ కౌంటీయే. డీడబ్ల్యూఐ అని పెట్టి, డిఫర్డ్ ఇచ్చి, తర్వాత డిస్మిస్ అయినట్టు ఉంది. ఇక భయం లేనట్టేనా? పెళ్లి ఇక్కడే గుంటూరులో చేద్దామనుకుంటున్నాం.

జవాబు (ఇర్వింగ్ నుంచి)

సంతోషం బాబాయ్ గారూ. అయితే పెళ్లి గుంటూరులో అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చదవండి. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ, ఐదేళ్లలోపు డ్రంక్ డ్రైవింగ్ అరెస్టు ఉంటే, కోర్టు తీర్పుతో పని లేకుండా వీసా స్టాంపు రద్దు చేయగలదు. స్టాంపు రద్దైనా అమెరికాలో ఉన్నంతకాలం ఐ-94 (అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు మీద ఉద్యోగం చేసుకోవచ్చు. బయటికి వస్తే మాత్రం కొత్త స్టాంపింగ్ కావాలి. డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, డిస్మిస్ అయినా అవుననే రాయాలి. కాన్సులేట్ వాళ్లు తాము గుర్తించిన డాక్టరు (ప్యానెల్ డాక్టరు) దగ్గరికి మెడికల్‌కి పంపవచ్చు. పెళ్లికొడుకు పెళ్లయ్యాక తిరిగి వెళ్లలేక ఇక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. అమ్మాయికి భార్యగా వచ్చే హెచ్4 వీసా కూడా అతని స్టేటస్ మీదే ఆధారపడుతుంది. టికెట్లు కొనకముందే స్టాంపు ఇంకా చెల్లుతోందా, రద్దు చేశామని ఈమెయిల్ ఏమైనా వచ్చిందా అని అడగండి.

టెక్సస్‌లో డిస్మిస్ అయినా ఇమిగ్రేషన్ చట్టం లెక్క వేరు. కోర్టులో తప్పు ఒప్పుకుని ప్రొబేషన్ చేసి ఉంటే వాళ్లు దాన్ని శిక్ష పడినట్టే చూస్తారు. ఒక్క మామూలు డీడబ్ల్యూఐతో గ్రీన్‌కార్డ్ ఆగిపోతుందని కాదు, కాగితాలు సిద్ధంగా ఉండాలని. ఇమిగ్రేషన్ లాయరును ఒకసారి కలవమనండి.

ప్రశ్న (గుంటూరు నుంచి)

ఇది మాకు ఎవరూ చెప్పలేదు నాయనా. అబ్బాయికి చెప్తాను. ఏ కాగితం తెచ్చుకోమనాలి?

జవాబు (ప్లేనో నుంచి)

సర్టిఫైడ్ కోర్ట్ డిస్పోజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే ధ్రువీకరించిన కాపీ. ఆన్‌లైన్ పేజీ ప్రింటు తీస్తే చెల్లదు, క్లర్క్ ముద్ర, సంతకం ఉండాలి. మెకిన్నీలో బ్లూమ్‌డేల్ రోడ్డు మీద కాలిన్ కౌంటీ క్లర్క్ ఆఫీసుంది. కాజ్ నంబరు చెప్పి అడిగితే ఇస్తారు. పేజీకి ఒక డాలరు, సర్టిఫికేషన్‌కు 5 డాలర్లు. వెళ్లలేనివాళ్లు పోస్టులో కూడా అడగొచ్చు. డిఫర్డ్ ఉత్తర్వు, ప్రొబేషన్ పూర్తయి డిస్మిస్ చేసిన ఉత్తర్వు రెండూ తీసుకోమనండి. ఒక్కటే తెచ్చుకుంటే మళ్లీ తిరగాలి. కాపీలు రెండు మూడు సెట్లు మంచిది, ఒకటి స్టాంపింగ్‌కి, ఒకటి గ్రీన్‌కార్డ్ దరఖాస్తుకి.

నాన్‌డిస్‌క్లోజర్‌కి వెళ్లే ఆలోచన ఉంటే ఈ కాపీలు ముందే తీసుకోవాలి. కేసు కొట్టేసి ఎక్స్‌పంక్షన్‌కి వెళ్లేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. చెరిపేశాక క్లర్క్ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు, ఇమిగ్రేషన్ ఆఫీసరు మాత్రం అప్పుడూ అడుగుతాడు.