మెడికల్ సీటు కోసం ఏడాది మాస్టర్స్: చేర్పించాలా, వద్దా?

ఎడిసన్_అమ్మ: మా వాడికి డిగ్రీలో జీపీఏ నాలుగుకి 3.2, ఎమ్‌క్యాట్ (అమెరికా మెడికల్ ఎంట్రన్స్) 511. పోయినసారి ఎండీకి (ఇక్కడి ఎంబీబీఎస్ లాంటిది) అప్లై చేస్తే ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. ఇప్పుడు స్పెషల్ మాస్టర్స్‌లో సీటొచ్చింది. మెడికల్ ఫస్టియర్ వాళ్లతో పాటే క్లాసులు, అవే పరీక్షలు. చేర్పించమంటారా?

రామబాణం: మాస్టర్స్ మార్కులు డిగ్రీ జీపీఏలో కలవవు. ఎండీ అప్లికేషన్లు పెట్టే ఆమ్‌కాస్‌లో విడిగా చూపిస్తారు. 3.2 ఎప్పటికీ 3.2నే. డిగ్రీ అయ్యాక చేసే పోస్ట్‌బ్యాక్‌లో డిగ్రీ స్థాయి కోర్సులు చేస్తే కలుస్తాయి.

డాలస్_బావ: కలవడం కాదండీ పాయింటు. ఆ క్లాసులో 'ఏ' గ్రేడు తెచ్చుకుంటే, వీడు మెడిసిన్ చదువు తట్టుకోగలడని అడ్మిషన్ల కమిటీకి తెలుస్తుంది. జార్జ్‌టౌన్‌ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి కోర్సు దశాబ్దాలుగా నడుపుతున్నది అందుకేగా?

రామబాణం: తెలుస్తుంది సరే. కలుస్తుందా? కలవదు.

గోంగూర_ప్రియ: టీ పెట్టుకొచ్చి కూర్చున్నా, కానివ్వండి.

విసిగిన_తండ్రి: మా అమ్మాయి ఇలాంటిదే చేసింది. కాలేజీ పేరు చెప్పను. చేరేటప్పుడు 'ఇంటర్వ్యూ గ్యారంటీ' అన్నారు. ఫలానా జీపీఏ దాటితేనే అన్నది అడుగున ఎక్కడో రాసుంది. బయోకెమిస్ట్రీలో ఒక్క బి మైనస్, అంతే సంగతులు. అప్పు ఇంకా కడుతున్నా.

డాలస్_బావ: బి మైనస్ వస్తే ప్రోగ్రాం తప్పా?

విసిగిన_తండ్రి: మర్యాదగా మాట్లాడండి. మీ ఇంట్లో పిల్ల గది తలుపేసుకుంటే తెలిసేది.

సత్య_డాక్టర్: అప్పు సంగతి చూసుకోండమ్మా. 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోన్ లేదు. మాస్టర్స్‌కి ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500 డాలర్లే. మిగతాది ప్రైవేటు లోనంటే మీ సంతకం అడుగుతారు. ఇంతకీ డీఓకి, అదే ఆస్టియోపతీ కాలేజీల డాక్టర్ డిగ్రీకి, అప్లై చేశాడా?

ఎడిసన్_అమ్మ: లేదు. డీఓ మాకొద్దు.

సత్య_డాక్టర్: ఎందుకని? 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీకి, అంటే డిగ్రీ తర్వాతి ఆస్పత్రి ట్రైనింగ్‌కి, గుర్తింపు ఒక్కటే.

ఎడిసన్_అమ్మ: చెప్పడానికేం, మీరు చెప్తారు! మా తోడికోడలి కొడుకు ఎండీ. రేపు సంబంధాలప్పుడు డీఓ అంటే ఏంటో ఇంటింటికీ వివరించుకోవాలా?

విసిగిన_తండ్రి: తోడికోడలి కోసమా ఇంత అప్పు!

డాలస్_బావ: ఎండీయే కావాలనుకుంటే నేరమా?

సత్య_డాక్టర్: నేరం కాదు. న్యూరోసర్జరీ, డెర్మటాలజీ లాంటివాటిలో డీఓలకు ఇప్పటికీ దారి కష్టమే. అలాంటి ఆశ ఉంటే మాస్టర్స్ ఆలోచించొచ్చు. వాడేం చేద్దామనుకుంటున్నాడు?

ఎడిసన్_అమ్మ: ఫ్యామిలీ మెడిసిన్ అంటాడు.

సత్య_డాక్టర్: డీఓలు ఎక్కువగా వెళ్లేవాటిలో అదొకటి. అప్లికేషన్లు మేలో తెరుస్తారు.

ఎడిసన్_అమ్మ: సత్య గారూ, నిజం చెప్పండి, మా వాడు మీతో ముందే మాట్లాడాడా?