1890లో ఆ టెనెమెంట్‌లో ఎవరుండేవారో ఎలా తెలుసుకోవాలి?

ఎంఏ ప్రాజెక్టు కోసం న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో, ఆర్చర్డ్ స్ట్రీట్‌లోని ఒక టెనెమెంట్ (పేద కుటుంబాలు వాటాలుగా అద్దెకుండే భవనం) తీసుకున్నాను. ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగు వాటాలు. 1880 జనాభా లెక్కల్లో అందులో ఉన్నది ఎక్కువగా జర్మన్లు. 1900కల్లా దాదాపు అందరూ రష్యా నుంచి వచ్చిన యూదులు, సగం మంది దర్జీలే. ఈ మార్పు ఎప్పుడు జరిగిందన్నదే నా ప్రాజెక్టు. 1890 లెక్కలేమో 1921 అగ్నిప్రమాదంలో పోయాయి (సరిగ్గా నాకు కావాల్సినవే!).

రెండు వారాలుగా వెతుకుతున్నాను. వలస వచ్చినవాళ్లను నమోదు చేసే ఎల్లిస్ ఐలండ్ కేంద్రం తెరిచిందే 1892 జనవరి 1న. అంతకుముందు ఓడల్లో వచ్చినవాళ్ల జాబితాల్లో ఏ ఇంట్లో దిగారో ఉండదు. సిటీ డైరెక్టరీలో ఇంటి పెద్ద పేరు, పని, అడ్రసు మాత్రమే. పిల్లలు, వంటగదిలో చోటు అద్దెకు తీసుకుని పడుకునే బోర్డర్లు కనబడరు.

1890 ప్రాంతంలో ఇంటి నంబరు వారీగా అందరి పేర్లూ రాసిన రికార్డు వేరే ఏదైనా ఉందా?